పవిత్ర భూమిలో న్యాయమైన శాంతి: మనం ఎవరి పక్షం?



పవిత్ర భూమిలో యుద్ధం వచ్చిన ప్రతిసారీ విచారణల్లో గురువులకు కొన్ని ప్రశ్నలు ఎదురవుతాయి. "ఫాదర్, ఇశ్రాయేలు దేవుని ప్రజ గదా! మనం వారి పక్షమే ఉండాలి గదా?" అని కొందరు అడుగుతారు. "పసిపిల్లలు చనిపోతుంటే అది ధర్మమని ఎలా అంటాము?" అని మరికొందరు అడుగుతారు. "ఇవన్నీ అంత్యదినాల గురుతులు, మనం చేయగలిగిందేముంది?" అని ఇంకొందరు ఊరుకుంటారు. ఈ మూడు మాటలూ విశ్వాసం గలవారి నోటి నుండే వస్తున్నాయి. కాబట్టి వీటిని తేలికగా తీసివేయకుండా, శ్రీసభ బోధ వెలుగులో కాస్త నిదానంగా పరిశీలిద్దాము.

మాట ఒకటే, అర్థాలు వేరు

ఒకే మాటను రెండు అర్థాల్లో వాడితే ముగింపు తప్పిపోతుందన్నది తర్కశాస్త్రంలో మొదటి పాఠం. ఈ విషయంలో మన తెలుగు మనకొక మేలు చేసినది. పరిశుద్ధ గ్రంథంలో ‘ఇశ్రాయేలు’ అని చదువుతాము. దినపత్రికలో ‘ఇజ్రాయెల్’ అని చదువుతాము. ఈ రెండూ ఒకటి కావు.

ఇశ్రాయేలు అన్నది దేవుడు యాకోబుకు పెట్టిన పేరు. ఆయన సంతతికి, దేవునితో నిబంధన చేసుకున్న ప్రజకు అదే పేరు వచ్చినది. మరియతల్లి, అపొస్తలులు, మన ప్రభువు కూడ ఆ ప్రజలో పుట్టినవారే. ఇజ్రాయెల్ అన్నది 1948 మే 14న ఏర్పడిన ఆధునిక రాజ్యం. దానికి పార్లమెంటు ఉన్నది, సైన్యం ఉన్నది, పార్టీలున్నాయి, ఎన్నికలున్నాయి. దాని పౌరుల్లో సుమారు ఐదింట ఒక వంతు అరబ్బులు. ఏ రాజ్యానికైనా ఉండే హక్కులు దానికీ ఉన్నాయి, బాధ్యతలూ ఉన్నాయి. ఆ ప్రభుత్వం చేసిన ఒక పనిని తప్పు అనడం యూదులను ద్వేషించడం కాదు. అయితే ఆ విమర్శను అడ్డం పెట్టుకొని యూదులను ద్వేషించడం మాత్రం పాపమే.

ఇటువంటి పొరపాటే పాలస్తీనీయుల విషయంలోనూ జరుగుతున్నది. పాలస్తీనా అన్న పేరు ఫిలిష్తీయుల పేరు నుండి వచ్చిన మాట నిజమే. అంతమాత్రాన వీరు గొల్యాతు వంశస్థులు కారు. ఫిలిష్తీయులు ఒక ప్రత్యేక జాతిగా క్రీస్తు పుట్టుకకు ఎంతో ముందే కనుమరుగయ్యారు. నేటి పాలస్తీనీయులు అరబ్బీ మాట్లాడే ప్రజ. వారిలో అధిక సంఖ్యాకులు ముస్లిములు. కొందరు క్రైస్తవులు, అందులో మన కథోలికులూ ఉన్నారు. హమాసు అన్నది వారిలో ఒక సంస్థ, అదే యావత్తు ప్రజ కాదు. దావీదు, గొల్యాతుల కథను తెచ్చి నేటి వార్తలకు అతికిస్తే, మనకు తెలియకుండానే మన తోటి విశ్వాసులను గొల్యాతు పక్కన నిలబెట్టినవారమవుతాము.

ఆ భూమి ఎవరిది?

"ఆ భూమి దేవుడు వారికి రాసిచ్చాడు" అని అనేవారున్నారు. అబ్రహాముకు దేవుడిచ్చిన వాగ్దానం నిజమైనది. దేవుడు తన పిలుపును వెనక్కు తీసుకోడని పునీత పౌలుగారు రోమీయులకు రాసిన లేఖ 11వ అధ్యాయంలో బోధించారు. శ్రీసభ దీనిని విశ్వసిస్తున్నది. అయితే పరిశుద్ధ గ్రంథాన్ని పట్టాదారు పాసుపుస్తకంలా చూపి పొరుగువానిని ఇంటి నుండి వెళ్ళగొట్టవచ్చునా? ఆ గ్రంథమే ఏమి చెబుతున్నదో చూడండి.

లేవీయకాండం 25వ అధ్యాయం ప్రకారం భూమికి అసలు యజమాని దేవుడే. ఇశ్రాయేలు ప్రజ ఆయన దగ్గర కౌలుదారుల వంటివారు. కౌలుదారు పొలాన్ని యజమాని ఇష్టప్రకారం చూసుకోవాలి గదా! 19వ అధ్యాయంలో ఆ ఇష్టమేమిటో ఉన్నది: మీ మధ్య ఉన్న పరదేశిని మీలో ఒకనిగా ప్రేమించాలి, ఎందుకంటే ఐగుప్తులో మీరూ పరదేశులే. యెహెజ్కేలు 47వ అధ్యాయంలో ప్రవక్త మరొక అడుగు ముందుకు వేశాడు. భూమిని గోత్రాలకు పంచేటప్పుడు అక్కడే పిల్లలను కని నివసిస్తున్న పరదేశులకు కూడ వంతు ఇవ్వాలన్నాడు. ఇక 1 రాజులు 21వ అధ్యాయంలో నాబోతు ద్రాక్షతోట కథ ఉండనే ఉన్నది. తండ్రుల నాటి తోటను అమ్మనన్నందుకు నాబోతు ప్రాణమే తీశారు. ఆహాబు ఇశ్రాయేలుకు రాజు. అయినా దేవుడు ఏలీయాను రాజు దగ్గరకు పంపినది అభినందించడానికి కాదు, తీర్పు చెప్పడానికి. ఎన్నిక అన్నది హక్కు కంటే ముందు బాధ్యత అని ఈ కథ మనకు నేర్పుతున్నది.

రెండు ప్రజలు, రెండు గాయాలు

న్యాయం మాట్లాడేవాడు ముందు ఇద్దరి గాయాలనూ చూడాలి.

యూదుల గాయం చాలా పాతది. అందులో క్రైస్తవుల పాపం కూడ ఉన్నది. శతాబ్దాల తరబడి ఐరోపాలో క్రైస్తవులమనుకునేవారే యూదులను వెలివేశారు, తరిమివేశారు, చంపారు. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో నాజీలు 60 లక్షల మంది యూదులను హతమార్చారు. అంతటి మారణకాండ తరువాత, తమకంటూ ఒక భద్రమైన చోటు కావాలని ఆ ప్రజ కోరుకోవడాన్ని ఎవరు తప్పు పట్టగలరు? 1948 తరువాత ఇరాకు, యెమెను, ఈజిప్టు మొదలైన దేశాల నుండి కూడ లక్షలాది యూదులు ఇళ్ళు వదిలి అక్కడికి చేరారు.

అయితే ఆ చోటు ఖాళీగా లేదు. తరతరాలుగా అక్కడ పొలాలు దున్ని, ఒలీవ తోటలు పెంచుకొంటున్న ప్రజ ఉన్నది. 1917లో బ్రిటిషు ప్రభుత్వం బాల్ఫర్ ప్రకటన ద్వారా అక్కడ యూదులకు జాతీయ నివాసం ఏర్పరచడానికి మద్దతు తెలిపినప్పుడు ఆ ప్రజ అభిప్రాయం అడిగినవారు లేరు. 1947 నవంబరు 29న ఐక్యరాజ్య సమితి ఆ భూమిని రెండు రాజ్యాలుగా విభజించాలని, యెరూషలేమును ప్రత్యేక అంతర్జాతీయ పాలనలో ఉంచాలని తీర్మానించినది. యూదు నాయకులు అంగీకరించారు, అరబ్బు నాయకులు తిరస్కరించారు. యుద్ధం వచ్చినది. 7 లక్షలకు పైగా పాలస్తీనీయులు ఇళ్ళు కోల్పోయి శరణార్థులయ్యారు. ఆ ఇళ్ళ తాళంచెవులను నేటికీ దాచుకున్న కుటుంబాలు ఉన్నాయి. 1967 యుద్ధంలో వెస్ట్ బ్యాంకు, తూర్పు యెరూషలేము, గాజా ఇజ్రాయెల్ సైన్యం వశమయ్యాయి. ఆ తరువాత వెస్ట్ బ్యాంకులో కట్టిన యూదు కాలనీల్లో, తూర్పు యెరూషలేమును మినహాయించి, నేడు 5 లక్షల మందికి పైగా నివసిస్తున్నారు.

1993లో ఓస్లో ఒప్పందం జరిగినప్పుడు ప్రపంచమంతా ఆశపడినది. 1995 నవంబరు 4న ఇజ్రాయెల్ ప్రధాని రబీన్‌ను ఒక యూదు తీవ్రవాదే కాల్చి చంపాడు. అంతకు ముందు 1981లో, ఇజ్రాయెల్‌తో సంధి చేసుకున్న ఈజిప్టు అధ్యక్షుడు సాదత్‌ను అతని దేశపు తీవ్రవాదులే చంపారు. శాంతికి శత్రువులు ఎప్పుడూ ఎదుటి పక్షంలోనే ఉండరని దీనివల్ల తెలుస్తున్నది.

2023 అక్టోబరు 7న హమాసు చేసిన దాడిలో సుమారు 1,200 మంది హతులయ్యారు. సుమారు 250 మందిని బందీలుగా పట్టుకుపోయారు. వారిలో ముసలివారు, పసిపిల్లలు కూడ ఉన్నారు. దీనిని ఏ కారణంతోనూ సమర్థించలేము. తరువాత గాజాపై జరిగిన యుద్ధంలో 2025 అక్టోబరు నాటికి 67 వేల మందికి పైగా మరణించారని గాజా ఆరోగ్య శాఖ ప్రకటించినది. వారిలో వేలాది పిల్లలున్నారు. పట్టణాలకు పట్టణాలే నేలమట్టమయ్యాయి, ప్రజలు ఆకలితో అలమటించారు. దీనిని కూడ ఏ కారణంతోనూ సమర్థించలేము. 2025 అక్టోబరు 10న కాల్పుల విరమణ అమలులోకి వచ్చినది. బ్రతికి ఉన్న చివరి 20 మంది బందీలు 13వ తేదీన ఇళ్ళకు చేరారు. అయితే ఆ తరువాత కూడ గాజాలో ప్రాణాలు పోయాయి.

శాంతి అంటే ఏమిటి?

తుపాకులు ఆగినంత మాత్రాన శాంతి వచ్చినట్టేనా? ఒక ఊళ్ళో బలవంతునికి భయపడి ఎవరూ నోరు విప్పకపోతే ఆ ఊరు నిశ్శబ్దంగా ఉంటుంది. దానిని శాంతి అనము. శాంతి అంటే క్రమం వల్ల కలిగే ప్రశాంతత అని పునీత అగస్టీనుగారు ‘దేవుని నగరం’ అనే గ్రంథంలో వివరించారు. అంటే ప్రతి ఒక్కరూ తమకు తగిన స్థానంలో, తమకు చెందవలసినది పొంది ఉండడం. గాయం మానకుండానే అంతా బాగున్నదని చెప్పిన ప్రవక్తలను యిర్మీయా గద్దించినది ఇందుకే.

పునీత తోమాసు అక్వినాసుగారు ఇంకొక సూక్ష్మమైన భేదం చూపారు. న్యాయం శాంతికి ఉన్న అడ్డంకులను తొలగిస్తుంది, కాని శాంతిని నేరుగా పుట్టించేది ప్రేమ అన్నారు. పూడిపోయిన బావిని తలచుకోండి. పూడిక తీయనిదే ఊట పైకి రాదు. అలాగని పూడిక తీయడమే నీరు కాదు. న్యాయం పూడిక తీస్తుంది, ప్రేమ ఊటగా వస్తుంది. న్యాయం వద్దని ప్రేమను మాత్రమే బోధించేవాడు పూడిన బావిలో చేద వేసినవాడు. ప్రేమ లేకుండా న్యాయం మాత్రమే కోరేవాడు ఎండిన బావిని తవ్వుకుంటూ ఉండిపోతాడు.

జగద్గురువులు కూడ ఇదే బోధించారు. ఇరవై మూడవ యోహాను పోపుగారు 1963లో వెలువరించిన శాంతి విశ్వలేఖలో సత్యం, న్యాయం, ప్రేమ, స్వేచ్ఛ అనే నాలుగు స్తంభాలపై శాంతి నిలుస్తుందన్నారు. ఆరవ పౌలు పోపుగారు 1972 ప్రపంచ శాంతి దినానికి, శాంతి కోరేవారు న్యాయం కోసం పనిచేయాలన్న విషయాన్ని ఎంచుకున్నారు. రెండవ జాన్ పాల్ పోపుగారు 2002 సందేశంలో దానికి మరొక మాట జోడించారు. న్యాయం లేనిదే శాంతి లేదు, క్షమాపణ లేనిదే న్యాయం నిలవదు అన్నది ఆ సందేశ సారాంశం.

శ్రీసభ ఏమి కోరుతున్నది?

మొదట శ్రీసభ తన ఇంటిని సరిచేసుకున్నది. గుడ్ ఫ్రైడే ప్రార్థనలో యూదులను కించపరచే మాటను 1959లో ఇరవై మూడవ యోహాను పోపుగారు తీసివేయించారు. 1965 అక్టోబరు 28న రెండవ వాటికన్ మహాసభ, క్రీస్తు మరణానికి ఆనాటి యూదులందరినీ గాని నేటి యూదులను గాని బాధ్యులను చేయరాదని ప్రకటించినది. యూదులపై ద్వేషాన్ని ఖండించినది. కాబట్టి మన వేదోపదేశంలో, సిలువ మార్గంలో "యూదులు చంపారు" అని పిల్లలకు నేర్పడం శ్రీసభ బోధకు విరుద్ధం.

తరువాత శ్రీసభ ఇరువురితోనూ సంబంధాలు పెట్టుకున్నది. 1993 డిసెంబరు 30న ఇజ్రాయెల్‌తో మౌలిక ఒప్పందం చేసుకున్నది. 2015 జూన్ 26న పాలస్తీనా రాజ్యంతో సమగ్ర ఒప్పందం చేసుకున్నది. అంగీకృతమైన సరిహద్దుల్లో రెండు రాజ్యాలు భద్రంగా పక్కపక్కన ఉండాలని, యెరూషలేము మూడు మతాలవారికీ తెరచి ఉండేలా అంతర్జాతీయ హామీతో ప్రత్యేక ప్రతిపత్తి ఉండాలని పరిశుద్ధ పీఠం కోరుతూ వస్తున్నది.

పోపులు చేసిన యాత్రలే మనకొక పాఠం. 2000 మార్చిలో రెండవ జాన్ పాల్ పోపుగారు బెత్లెహేము దగ్గరి దెహేషే శరణార్థి శిబిరానికి వెళ్ళారు. మరునాడు యెరూషలేములో, నాజీల చేతిలో మరణించిన యూదుల స్మారకం వద్ద నిలబడ్డారు. తరువాత పడమటి గోడ రాళ్ళ మధ్య క్షమాపణ ప్రార్థన రాసిన కాగితాన్ని ఉంచారు. 2014 మేలో ఫ్రాన్సిస్ పోపుగారు బెత్లెహేములోని అడ్డుగోడకు నుదురు ఆనించి ప్రార్థించారు. మరునాడు యెరూషలేములో ఉగ్రవాద దాడుల్లో మరణించిన ఇజ్రాయెల్ పౌరుల స్మారకం వద్దా ప్రార్థించారు. ఇద్దరు పోపులూ ఇద్దరి కన్నీళ్ళ దగ్గరకూ వెళ్ళారు. ‘మనం ఎవరి పక్షం?’ అన్న ప్రశ్నకు ఆ అడుగులే జవాబు. మనం దెబ్బ తిన్నవాని పక్షం, వాడు ఏ వైపువాడైనా సరే. అన్యాయం ఎవరు చేసినా దానికి వ్యతిరేకం. ఇది గోడమీది పిల్లివాటం కాదు. ఇద్దరి బలమూ సమానమని చెప్పడమూ కాదు. ఒక ప్రజ మరొక ప్రజ సైనికాధికారం కింద 1967 నుండి బ్రతుకుతున్నది. ఆ స్థితి ముగియకుండా న్యాయం నెరవేరదని చెప్పడానికి మనం జంకకూడదు.

అక్కడి మన తోబుట్టువులు

గాజాలో ఉన్న ఏకైక కథోలిక విచారణ పవిత్ర కుటుంబ విచారణ. యుద్ధం మొదలైనప్పటి నుండి వందలాది మంది ఆ దేవాలయ ప్రాంగణంలోనే తలదాచుకున్నారు. ఫ్రాన్సిస్ పోపుగారు దాదాపు ప్రతి సాయంకాలం వారికి ఫోను చేసేవారు. 2025 ఏప్రిల్ 21న పరమపదించడానికి రెండు రోజుల ముందు కూడ చేశారు. 2023 డిసెంబరు 16న ఆ ప్రాంగణంలోనే ఒక తల్లి, ఆమె కూతురు తుపాకి గుండ్లకు బలయ్యారు. కాల్చినది ఇజ్రాయెల్ సైనికుడని యెరూషలేము లాటిను పాత్రియార్కు కార్యాలయం ప్రకటించినది. 2025 జూలై 17న ఆ దేవాలయంపై గుండు పడి ముగ్గురు మరణించారు, విచారణ గురువు గాయపడ్డారు. గుండు గురి తప్పినదని ఇజ్రాయెల్ విచారం తెలిపినది. మరునాడే యెరూషలేము నుండి కార్డినల్ పిజ్జబల్లాగారు, గ్రీకు ఆర్థడాక్సు పాత్రియార్కుగారితో కలిసి గాజాకు వెళ్ళి వారిని పరామర్శించారు. ఇదే కార్డినల్‌గారు 2023 అక్టోబరులో, హమాసు చెరలో ఉన్న ఇజ్రాయెల్ పిల్లలను విడిచిపెడితే వారికి బదులుగా తాను బందీగా వెళ్ళడానికి సిద్ధమన్నారు. మంచి కాపరి ఎలా ఉంటాడో మనకు వేరే చెప్పనక్కరలేదు.

అక్కడ ఆశ లేకపోలేదు. యెరూషలేముకు, టెల్ అవీవ్‌కు మధ్య ‘శాంతి నివాసం’ అని అర్థం వచ్చే పేరుగల గ్రామమొకటి ఉన్నది. యూదు కుటుంబంలో పుట్టి దొమినికన్ గురువైన బ్రూనో హుస్సార్‌గారు, లత్రూను మఠవాసులు ఇచ్చిన నేలపై దానిని స్థాపించారు. అక్కడ యూదులు, పాలస్తీనీయులు కలిసి ఉంటారు. పిల్లలు ఒకే బడిలో హీబ్రూ, అరబ్బీ రెండూ నేర్చుకొంటారు. అలాగే 1995 నుండి, ఈ పోరులో తమ బిడ్డలను, ఆత్మీయులను పోగొట్టుకున్న ఇరుపక్షాల కుటుంబాలు ఒక సంఘంగా కూడి, పగ వద్దని ఊరూరా చెబుతున్నాయి. కడుపుకోత ఎరిగినవారే చేతులు కలుపగలిగినప్పుడు, దూరాన ఉన్న మనం పగను పెంచడం తగునా?

మన వంతు

ప్రియ పాఠకులారా, ఇంత దూరం నుండి మనమేమి చేయగలమంటారా? కొన్ని పనులు మన చేతిలోనే ఉన్నాయి.

1. గుడ్ ఫ్రైడే నాడు పళ్ళెంలో వేసే కానుక పవిత్ర భూమిలోని శ్రీసభ కోసమే పోతుంది. అక్కడి దేవాలయాలు, పాఠశాలలు, పేద కుటుంబాలు దానిపై ఆధారపడి ఉన్నాయి. ఆ కానుకను తెలిసి ఇవ్వండి, పిల్లలకు చెప్పి ఇప్పించండి.

2. పవిత్ర భూమి యాత్రకు వెళ్ళేవారు రాళ్ళను మాత్రమే చూసి రాకండి. అక్కడి విశ్వాసులే సజీవ శిలలు. బెత్లెహేములో వారితో కలిసి పూజలో పాల్గొనండి. ఒలీవ కర్రతో ప్రతిమలు చెక్కి బ్రతికే కుటుంబాల వద్ద ఏదైనా కొనండి. అడ్డుగోడను చూసినప్పుడు, దాని వెనుక ఉన్నవారిని అడిగి తెలుసుకోండి.

3. మన తెలుగువారు కొందరు ఇజ్రాయెల్‌లో వృద్ధులకు, రోగులకు సేవ చేస్తూ బ్రతుకుతున్నారు. 2023 తరువాత పాలస్తీనా కూలీలకు అనుమతులు రద్దు కాగా, భవన నిర్మాణ పనులకు మన దేశం నుండి కూడ మనుషులను తీసుకున్నారు. వారి క్షేమం కోసం ప్రార్థించండి. పని పోయి పస్తులున్న పాలస్తీనా కూలీ ఇంటిని కూడ ఆ ప్రార్థనలో మరువకండి.

4. సెల్‌ఫోనులో వచ్చే ద్వేషపు బొమ్మలు, మాటలు ఇతరులకు పంపకండి. అవి నిజమో కాదో మనకు తెలియదు. తెలియని నింద మోయడం ఎనిమిదవ ఆజ్ఞకు విరుద్ధం. ఆ పోరు పేరుతో మన వీధిలోని ముస్లిం సోదరులను అనుమానంగా చూడకండి.

5. ఆదివారం విశ్వాసుల ప్రార్థనలో ఇద్దరి పేర్లూ చెప్పండి. ఒకరి కోసమే ప్రార్థిస్తే అది సగం ప్రార్థన.

చిన్న క్రైస్తవ సమాజాల్లో చర్చించుటకు

అ) లూకా 19వ అధ్యాయంలో యెరూషలేమును చూసి ప్రభువు ఎందుకు కన్నీరు కార్చారు? నేడు ఆయన ఎవరి కోసం ఏడుస్తారు?

ఆ) నాబోతు తోట వంటి అన్యాయం మన ఊళ్ళో జరిగితే మనం ఏలీయాలా మాట్లాడుతామా, ఊరుకుంటామా?

ఇ) మన కుటుంబంలో మాటలు ఆగిపోయిన అన్నదమ్ముల మధ్య పూడిక తీయవలసిన అన్యాయమేది? ముందడుగు వేయవలసినది ఎవరు?

ఉత్థాన క్రీస్తు శిష్యులకు మొదట ఇచ్చినది శాంతి. ఇస్తూ తన గాయాలను చూపించారు. గాయాలను దాచే శాంతి ఆయనది కాదు. రెండు ప్రజల మధ్య అడ్డుగోడను తన శరీరంలో కూల్చినవాడు ఆయనేనని పునీత పౌలుగారు ఎఫెసీయులకు రాశారు. ఆ ప్రభువు యెరూషలేము వీధుల్లో యూదు తల్లి, పాలస్తీనా తల్లి భయం లేకుండా తమ పిల్లలను బడికి పంపే రోజును త్వరలో చూపించునుగాక. ఆ రోజు కోసం మెలకువగా ఉండే కృపను మనకు దయచేయునుగాక. ఆమెన్.